వదిన మోకాలి మొక్కు

కొత్తగూడెం
14 సెప్టెంబర్ 2025

నిర్మలా వదినకు,

మురళీకృష్ణ నమస్కారాలు. నీ చెల్లెలు కవిత, నేను, షావుకారు, ముగ్గురమూ ప్రాణాలతోనే ఉన్నాం. ఫోన్ ఎత్తడం లేదని నువ్వు తిట్టుకుంటూ ఉంటావు. ఎత్తడానికి ఫోనుండాలి గదా. సిమ్ము తీసి మున్నేట్లో వేశాను. నేను ఎవరికి ఫోన్ చేస్తే ఫైనాన్స్ సేఠు మనుషులు వాళ్ళింటికి పోయి కూచుంటున్నారు. వాళ్ళు నీ గడప తొక్కకూడదనే ఈ కాగితం. నువ్వు కూడా పోస్టులోనే రాయి. కవరు మీద నా పేరు వద్దు. ఇద్రీస్ టైలర్, బస్టాండు వెనక, కొత్తగూడెం అంటే చాలు. ఇద్రీస్ భాయ్ కుట్టిన జేబులు ఊడతాయేమో గాని ఆయన నోరు ఊడదు.

సంగతేమిటంటే, తిరుమలాయపాలెంలో మన పురుగుమందుల దుకాణం మూతపడింది. మిరపతోటలకు తామరపురుగు తగిలి రైతులు మునిగారు. వాళ్ళకు ఉద్దెర ఇచ్చి నేను మునిగాను. నాకు అప్పిచ్చిన సేఠు మాత్రం మునగకుండా వచ్చి మా అరుగు మీద కూచున్నాడు. ఖమ్మం కోర్టులో ఐపీ పెట్టాను. దివాలా తీశాను, నా దగ్గర ఏమీ లేదు అని జడ్జి గారికి కాగితం మీద మొరపెట్టుకోవడమన్నమాట. కేసు తెగేదాకా ఆ ఊళ్ళో ఉండలేక ఇక్కడికి వచ్చి పడ్డాం.

కుక్కను పక్కింటి వాళ్ళకు ఇచ్చి వచ్చాం. ఆ రోజు కవిత అన్నం ముట్టలేదు. షావుకారును మాత్రం చచ్చినా ఇవ్వనన్నది. తల్లి చచ్చిపోతే ఆమె సీసాపాలు పట్టి పెంచిన పొట్టేలు గదా. పిలిస్తే వస్తుంది, మంచం పక్కన పడుకుంటుంది, ఆకలైతే తలతో తలుపు గుద్దుతుంది. ఆ గుద్దుడు చూసే నేను దానికి షావుకారని పేరు పెట్టాను. అప్పట్లో నవ్వొచ్చింది.

పొట్టేలును వెంటేసుకుని కిరాయి ఇల్లు వెతికి చూడు, మనుషులంటే ఏంటో తెలుస్తుంది. ఒకాయన పిల్లలెందరని అడిగాడు. లేరంటే సంతోషపడ్డాడు. నా వెనక కొమ్ములు చూసి గేటేశాడు. ఒకామె "మటన్ దుకాణం పెడ్తవా ఏంది" అన్నది. చివరికి ఊరి శివారులో, గనిలో పనిచేసి రిటైరైన వెంకటనారాయణ గారి ఇల్లు దొరికింది. పెరటి గోడ దాటితే టేకు అడవి. ఆయన కూడా "జంతువులు నడవయ్" అనేశాడు. ఆయన గోడ మీద సమ్మక్క సారలమ్మల ఫోటో కనబడింది. నా నోరు నన్ను అడక్కుండానే పని మొదలుపెట్టింది. "సార్, ఇది జంతువు కాదు, మొక్కు పొట్టేలు. మా వదిన మోకాలు బాగైతే జాతరల ఇచ్చుకుంటమని తల్లికి మొక్కినం. ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె" అన్నాను. ఆయన చెప్పులు విడిచి షావుకారుకు దండం పెట్టి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అడ్వాన్సు కూడా అడగలేదు.

కనుక వదినా, నీ మోకాలు కొన్నాళ్ళు నొప్పిగానే ఉండాలి. ఎవరన్నా చూస్తుంటే కాస్త కుంటు. నీకేం పోయింది.

నీ మరిది,
మురళి


కారేపల్లి
25 సెప్టెంబర్ 2025

మరిదికి నిర్మల రాయునది.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. రెండోసారి చదివి దేవుడి గూట్లో దీపం పెట్టి వచ్చాను.

ముందు ఒక మాట. దుకాణం మూతపడింది, ఐపీ పెట్టాను అంటే నేనెట్ల నమ్మాలి? మా దీపికకు పెళ్ళిచూపులని చెప్పి నీ దోస్తులకు సూట్లు వేయించి పంపినవాడివి. ఇంటిల్లిపాదీ పూరీలు కాల్చి చచ్చాం. పెళ్ళికొడుకుగా వచ్చిన పిలగాడు చెయ్యి కడుక్కుని "ఆంటీ, నేను మురళన్న దగ్గర హమాలీని" అన్నప్పుడు నా మొగుడు చెప్పు తీశాడు. అట్లాంటి మనిషి రాసిన దాంట్లో ఏది నిజమో ఏది ఆటో నాకు తెలియదు. కవితతో కొట్లాడి ఆమెను ఫోన్ చేయనివ్వడం లేదేమోనని నా అనుమానం. అదే అయితే చెప్పు, వచ్చి మాట్లాడతాను.

ఇక నా మోకాలు. దీపిక నన్ను ఖమ్మం తీసుకుపోయి డాక్టరుకు చూపించింది. ఆయన చెప్పిన కసరత్తు చేస్తున్నాను. ఇప్పుడు చేను గట్టు దాకా కర్ర లేకుండా పోయి వస్తున్నాను. సంతోషపడాలి గదా. కాని నొప్పి తగ్గడం మొదలైంది నువ్వు ఆ ఇంటాయనకు అబద్ధం చెప్పిన వారంలోనే. నేను మొక్కలేదు. నా పేరు మీద ఎవరో మొక్కారు, తల్లి విన్నది. నా పేరు అక్కడ రాసి ఉంది. ఇప్పుడు ఇవ్వకపోతే ఎవరిని అడుగుతుంది, నిన్నా, నన్నా?

కిరాయి ఇంటి కోసం అమ్మవారిని పూచీ పెట్టినవాణ్ణి నిన్నే చూశాను. ఆ ఇంటాయనకు నిజం చెప్పెయ్యి. నేను కుంటను.

నిర్మల


కొత్తగూడెం
13 అక్టోబర్ 2025

వదినా,

నీ మోకాలు బాగైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. ఆ సంగతి కారేపల్లి పొలిమేర దాటనివ్వకు.

దుకాణం మాట మాత్రం ఆట కాదు. ఈసారికి నమ్ము. షట్టరు మీద కోర్టు వాళ్ళ సీలుంది. నేను పెట్టించుకున్న బోర్డు మీదనే నోటీసు అంటించారు. ఇన్నేళ్ళూ అందరినీ ఏడిపించాను గదా, ఇప్పుడు నిజం చెబుతుంటే ఎవరూ నమ్మడం లేదు. ఒక్క సేఠు తప్ప. ఆయన మాత్రం నేను నిజంగానే మునిగానని నమ్మి, మునిగినవాడి జుట్టు పట్టుకోవడానికి మనుషులను పంపుతున్నాడు.

ఇక్కడ షావుకారు మహారాజులా ఉంది. వెంకటనారాయణ గారు పొద్దున్నే దాని నుదుట పసుపు కుంకుమ పెట్టనిదే టీ తాగడు. అడవి అంచుకు తోలుకుపోయి మేపుకొస్తాడు. కిరాయిదారుణ్ణి నేనా అదా అనిపిస్తుంది. పోయిన వారం మా గల్లీలో ఆటో నడిపే దేవ్లా భార్య సోని వచ్చింది. ఆమె కొడుకుకు జ్వరం విడవడం లేదు. వెంకటనారాయణ గారు చెప్పాడట, ఇంట్లో తల్లి పొట్టేలుంది, నీ కోరిక కూడా దానికి కట్టుకొమ్మని. ఎర్రగుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి షావుకారు మెడకు ముడేసింది. మర్నాడు ఇంకొకామె వచ్చింది. ఇప్పుడు దాని మెడ నిండా ఎర్రగుడ్డలే. అందరూ దాని కాళ్ళు మొక్కి పోతున్నారు. నేను గుమ్మంలో నిలబడి అందరికీ తలూపుతున్నాను. ఒక్కొక్క ముడి పడుతుంటే నా మెడ బిగిసినట్టవుతోంది.

ఇంకొక బాధ. తలుపు చప్పుడైతే ఇదివరకు తిట్టుకుంటూ లేచేవాణ్ణి. ఇప్పుడు గుద్దింది పొట్టేలా, సేఠు మనిషా తెలియక ఇద్దరం కాళ్ళు కదపకుండా కూచుంటున్నాం. కాసేపటికి పెరట్లోంచి అరుపు వినబడితే ఊపిరి వదులుతాం.

కవితతో నాకు కొట్లాట లేదు. కొట్లాడాలంటే మాట్లాడాలి. ఆమె షావుకారుతో తప్ప ఎవరితోనూ మాట్లాడదు. నాకు మాత్రం హాయిగా ఉంది, ఇంట్లో ఇంత శాంతి పెళ్ళయ్యాక ఎప్పుడూ లేదు.

మురళి


కారేపల్లి
2 నవంబర్ 2025

మురళీ,

నమ్మాను. నిన్న ఇద్దరు మనుషులు మోటారుసైకిల్ మీద వచ్చారు. ఒకతను మంచినీళ్ళడిగి తాగి, అరుగు మీద కూచుని, "మీ మరిది మంచోడమ్మా, మేమేం జేస్తం, అడ్రసు చెప్తే మాట్లాడుకుంటం" అన్నాడు. రెండో అతను మా దొడ్లో కట్టేసిన బర్రెలను, ట్రాక్టరును చూస్తూ నిలబడ్డాడు. నాకు తెలియదన్నాను. దీపిక లోపల నీ ఉత్తరాలు పొయ్యిలో పెట్టింది. పోతూ పోతూ "మళ్ళొస్తం" అన్నారు. కోపంగా అంటే ఇంత భయపడేదాన్ని కాదు. చుట్టాలు చెప్పినట్టు చెప్పారు.

కవిత నెమ్మదిగా ఉందని రాశావు. ఇన్ని బాధల్లో అదొక్కటీ నాకు ధైర్యం. చిన్నప్పటినుంచీ దానికి నోరెక్కువ. కష్టంలో మనిషికి బుద్ధి కుదురుతుంది కాబోలు.

ఒకసారి కళ్ళారా చూసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. వచ్చే ఆదివారం బండెక్కి మీ ఊరి భద్రాచలం రోడ్డు స్టేషన్లో దిగుతాను. ఇద్రీస్ భాయ్ దుకాణంలో అడిగి ఇల్లు తెలుసుకుంటాను. నువ్వు స్టేషనుకు రాకు, ఎవరన్నా చూస్తారు. చెల్లెలికి అరిసెలు, నీ షావుకారుకు ఉలవలు తెస్తున్నాను.

నిర్మల


కొత్తగూడెం
19 నవంబర్ 2025

వదినా,

నీ ఉత్తరం నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాడు ఇద్రీస్ భాయ్ చేతికొచ్చింది. ముందే వచ్చి ఉంటే రైలు పట్టాల మీద అడ్డంగా పడుకునైనా నిన్ను ఆపేవాణ్ణి.

నువ్వు ఏం చేశావో నీకు తెలియదు. ఆటో దిగి, ఉలవల సంచి నెత్తిన పెట్టుకుని, మా మెట్లు పిట్టలా ఎక్కావు. వెంకటనారాయణ గారు వరండాలోనే ఉన్నాడు. "మోకాలు నొప్పి వదిన మీరేనా అమ్మా" అని అడిగితే నువ్వేమన్నావు? "బాగైందయ్యా, అంతా తల్లి దయ" అన్నావు. నేను లోపల్నుంచి ఆ మాట విన్నాను. నువ్వు అరిసెలు పంచి, చెల్లెలి తల నిమిరి, సాయంత్రం బండికి సంతోషంగా వెళ్ళిపోయావు.

నువ్వు గేటు దాటగానే ఆయన కొబ్బరికాయ కొట్టాడు. గల్లీ అంతా తిరిగి చెప్పాడు. "మొక్కు తీరింది. జనవరిల జాతరకు డీసీఎం బండి మాట్లాడిన. పొట్టేలు ముందల, మనం ఎనుక" అని కవిత వింటుండగానే అన్నాడు. సోని చేతులు జోడించి ఏడ్చింది, పొట్టేలు తల్లి దగ్గరికి పోతే తన కొడుకు కోరిక కూడా తల్లికి చేరుతుందని. నేను ఆయన్ను పక్కకు తీసుకుపోయి, "సార్, అదంతా నేను అల్లి చెప్పిన, మొక్కూ లేదు ఏమీ లేదు" అన్నాను. ఆయన గట్టిగా నవ్వి నా వీపు చరిచాడు. "కొయ్యడానికి పానం ఒప్పుతలేదని తల్లితోని పరాష్కమాడకు. ఇయ్యకపోతే నా ఇంట్ల ఉండకు. తల్లి కోపం నా గోడలకు అంటుతది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కాని చెయ్యి నా భుజం మీంచి తీయలేదు.

ఇప్పుడు నీకు రాయనిది రాస్తాను. కవితకు బుద్ధి కుదరలేదు వదినా.

దుకాణానికి సీలు వేయకముందు మిగిలిన పురుగుమందు సీసాలు కొన్ని తెచ్చి అటక మీద పెట్టాను, ఎవరికన్నా అమ్ముదామని. సెప్టెంబర్ చివర్లో ఒక రోజు కోర్టు నుంచి వచ్చేసరికి అటక కింద స్టూలు వేసి ఉంది. కవిత పెరట్లో షావుకారు మెడ పట్టుకుని కూచుంది. ఏందే ఇది అని అడిగాను. "తలుపు గుద్దింది. గుద్దుతనే ఉన్నది. పోయి తీసిన" అన్నది. అంతే చెప్పింది. ఆ పూటే సీసాలన్నీ ఇద్రీస్ భాయ్ దుకాణానికి మోసి పెట్టెలో వేయించి తాళం వేయించాను. ఆ తర్వాతే నీకు హాయిగా ఉందని రాశాను. నాకు అట్ల రాయడం తప్ప ఇంకోలాగా చేతకాలేదు.

డీసీఎం మాట విన్నప్పటినుంచి ఆమె పెరట్లోనే ఉంటోంది. అన్నం అక్కడికే తీసుకుపోతున్నాను. నేను ఇల్లు కదలడం లేదు. పొట్టేలును దాస్తే ఇల్లు పోతుంది. ఇల్లు వదిలితే సేఠు మనుషులు పట్టుకుంటారు. పొట్టేలును ఇస్తే, మళ్ళీ అట్లాంటి రోజు వస్తే తలుపు గుద్దడానికి ఎవరూ ఉండరు.

ఏదన్నా చెయ్యి.

మురళి


కారేపల్లి
24 నవంబర్ 2025

మురళీ,

ఈ ఉత్తరం దీపిక చేతికే ఇచ్చి పంపుతున్నాను. అది మీ దగ్గరే ఉంటుంది. పగలూ రాత్రీ దాని పిన్ని పక్కనే ఉంటుంది. నువ్వు కోర్టుకు పోయినా ఇల్లు ఒంటరిగా ఉండదు. కొత్తగూడెం పెద్ద దవాఖానాలో మనసు బాధలకు చూసే డాక్టరమ్మ ఉందని దీపిక కనుక్కుంది. ఈ వారమే కవితను తీసుకుపోతుంది. అడ్డం చెప్పకు. నువ్వు కూడా వెంట పో.

నా చెల్లెలు అట్ల ఉంటే నేను అరిసెలు పంచేట్టు రాశావు. దాని తల నిమిరాను గాని కళ్ళలోకి చూడలేదు. నిన్ను తిట్టడానికి నోరు రావడం లేదు. తర్వాత తిడతాను.

నీ ఇంటాయనకు చెప్పడానికి నీ దగ్గర ఒక అబద్ధం, నా దగ్గర ఒక అబద్ధం ఉంటే ఇద్దరం దొరికిపోతాం. పైగా తల్లి దగ్గర నేను అబద్ధం ఆడను. అందుకని శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, పసుపుగుడ్డలో రూపాయి పెట్టి ముడుపు కట్టాను. పేరు పెట్టి, గట్టిగా పలికి మొక్కాను. నా మోకాలికి నా ఎత్తు బెల్లం నేనిచ్చుకుంటాను, అది నా బాకీ. పొట్టేలు మాత్రం నా చెల్లెలి సంసారం కోసం. కోర్టు కేసు తెగి, వాళ్ళు ఎవరికీ భయపడకుండా తలుపు తీసుకునే రోజు వస్తే ఆ పొట్టేలు నీది తల్లీ అన్నాను.

ఆయనకు ఇదే చెప్పు. కోరిక తీరకముందు మొక్కు చెల్లించకూడదని ఆయనకు నీకన్నా బాగా తెలుసు. నమ్మకపోతే దీపిక ఫోన్లో నాతో మాట్లాడించు, సేఠు మనుషులకు తెలిస్తే తెలియనీ.

ఒకటి గుర్తు పెట్టుకో. నువ్వు అల్లింది ఇప్పుడు నిజమైంది. కేసు నడుస్తున్నన్నాళ్ళూ పొట్టేలును ఎవరూ ముట్టరు. తెగిన రోజు దాన్ని నేను కూడా కాపాడలేను. ఇంతకన్నా నాకు తోచలేదు.

నిర్మల


కొత్తగూడెం
13 జనవరి 2026

వదినా,

దీపిక ఫోన్లో రోజూ మాట్లాడుతున్నావు గనుక మంచివన్నీ నీకు తెలుసు. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు కవిత వేసుకుంటోంది. ఇద్రీస్ భాయ్ గుండీలు కుట్టే పని ఇంటికి పంపుతున్నాడు, పిన్నీ కూతురూ కూచుని కుడుతున్నారు. దీపిక నన్ను తిట్టే తీరు చూస్తే నువ్వు ఇక్కడే ఉన్నట్టుంది. ఈ ఉత్తరం మాత్రం దానికి చూపించలేదు. ఫోన్లో చెప్పలేనిది ఒకటుంది.

వెంకటనారాయణ గారు నీ మొక్కు విని గోడ మీది ఫోటోకు దండం పెట్టాడు. "గట్లయితే సరే. ఇయ్యరాదు" అన్నాడు. నేను ఊపిరి వదిలేలోగా, "డీసీఎంల జాగ మాత్రం ఉంచుత. జాతరలోపు కేసు తెగితే తోలుకపోదం. తప్పితే మళ్ళ రెండేండ్లకే గద జాతర" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆయన నా కేసు కోసం నాకన్నా ఎక్కువ దండాలు పెడుతున్నాడు. సోని కొడుకుకు జ్వరం తగ్గింది. ఆమె పొద్దున్నే వచ్చి షావుకారు కాళ్ళు మొక్కి, "అన్నా, మీ కేసు జల్దీ తెగాలె" అని దీవించి పోతోంది. ఊరంతా మన మంచి కోరుతోంది వదినా.

నిన్న ఖమ్మం పోయాను. వకీలు నాకు టీ చెప్పాడు. డబ్బులడక్కుండా వకీలు టీ చెప్పాడంటేనే ఏదో ఉందనుకున్నాను. సేఠు రాజీకి వచ్చాడట. తిరుమలాయపాలెం ఇల్లు, దుకాణం జాగా రాసిస్తే మిగతాదంతా వదులుకుంటానన్నాడట. మిగతా అప్పులవాళ్ళు ముందే ఒప్పుకున్నారు. సోమవారం జడ్జి ముందు సంతకాలు పెడితే కేసు తెగిపోతుంది. "ఇగ నీ పేరు మీద ఫోను కొనుక్కో, దర్జాగ బజార్ల తిరుగు" అన్నాడు వకీలు. ఆ మరుసటి వారమే జాతర.

జాతర అయిపోయాక పెట్టుకుందామన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

"ఎందుకు?"

"జ్వరమొస్తది."

"ఎప్పుడు?"

"సోమవారం."

"మురళీ, సేఠు మనసు ఇయ్యాల మెత్తగున్నది. రేపు ఎట్లుంటదో నేను చెప్పలేను. ఒడ్డెక్కే రోజు వాయిదా అడిగినోన్ని నిన్నే చూసిన" అన్నాడు. అయినా వాయిదా అడగమనే చెప్పి వచ్చాను. నీ ముడుపును దొంగదారిన దాటుతున్నానని నాకు తెలుసు. రెండేళ్ళు దొరికితే ఆ లోపల కవిత పూర్తిగా కోలుకుంటుందేమో. షావుకారు ముసలిదైపోయి దాని దారిన అది పోతుందేమో. తల్లి ఇంకేదన్నా అడుగుతుందేమో. అంతకుమించి నా దగ్గర లెక్క లేదు. ఇది నీ మీద పడకూడదు. తల్లితో నువ్వు మాట్లాడేటప్పుడు, వాయిదా అడిగింది మురళి, నిర్మల కాదు అని విడమరిచి చెప్పు.

ఇంటికి వచ్చేసరికి వెంకటనారాయణ గారు గేటు దగ్గరే ఉన్నాడు. ఆయన వెనక కవిత నిలబడి ఉంది, చెయ్యి షావుకారు కొమ్ము మీద వేసి. "ఏమైంది" అన్నాడాయన.

"వాయిదా పడేటట్టున్నది సార్" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. కవిత నవ్వింది. పళ్ళు కనబడేట్టు నవ్వింది వదినా, నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. లోపలికి పోయి నాకు చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువ వేసింది.

సేఠు ఒప్పుకున్నాడని ఆమెకు చెప్పలేదు. ఆయన రేపు కాదంటే మేము వదులుకున్నదేమిటో ఆమెకు చెప్పాల్సింది నేనే. ఇంతకుముందైతే ఏదో ఒకటి అల్లి చెప్పేవాణ్ణి.

మురళి